కొర్రమట్ట రాడ్‌కు ట్రౌట్ పడ్తదా?

ప్రశ్న: అన్నా, డిండి ప్రాజెక్టు కాడ, సాగర్ బ్యాక్‌వాటర్ల కొర్రమట్టలు పట్తుంట. ఏప్రిల్‌ల దోస్తులతోని హిమాచల్ పోతున్నం, తీర్థన్ నదిల ట్రౌట్ చేప పట్టాలని ఉంది. నా దగ్గర 7 అడుగుల మీడియం హెవీ రాడ్, 40 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైను), కప్ప లూర్లు (కప్ప లెక్కుండే ఉత్తుత్తి ఎరలు) ఉన్నయ్. ఇవే తీస్కపోవాల్నా, కొత్తయి కొనాల్నా?
— ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఆ సెట్టు ఇంట్లనే పెట్టిపో తమ్మీ. కొర్రమట్ట జమ్ములల్ల, గుర్రపుడెక్కల కింద ఉంటది, కొట్టంగనే గుంజి బయట వెయ్యాలె, అందుకే దానికి అంత గట్టి రాడ్. తీర్థన్ నీళ్లు సల్లగ, అడుగు రాళ్లు కనపడేంత తేటగ ఉంటయ్, మందం లైను చూస్తే ట్రౌట్ దగ్గరికే రాదు, మన నీడ పడ్డా పోతది.

ముందుగాల చూడాల్సింది లూర్ బరువు. ట్రౌట్ స్పిన్నర్లు (గుంజితే రేకు బ్లేడు గిరగిర తిరిగే లూర్లు) 2 నుంచి 5 గ్రాములే, ఆ బరువుకు నీ రాడ్ కొస వంగనే వంగదు, వంగకుంటె విసురు దూరం పోదు. 6, 6న్నర అడుగుల అల్ట్రాలైట్ (బాగ తేలిక) రాడ్ తీస్కో, దాని మీద లూర్ వెయిట్ రాసి ఉంటది, 2 నుంచి 8 గ్రాములున్నది చూసి కొను, దుకాణపాయన ఏం జెప్పినా సరే. రీల్ 1000 సైజు గానీ 2000 సైజు గానీ చాలు.

పైసలు తక్కువుంటే రాడ్ కాడ తగ్గించుకో గని లైను కాడ తగ్గకు. 4 నుంచి 6 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్ లైను) మంచిది, సాగుతది కాబట్టి చేప తల గుంజినా గాలం జల్ది ఊడదు. బ్రెయిడే కావాలంటె 8 పౌండ్ల సన్నది వేసి ముందర ఒక మూడు నాలుగు అడుగులు 6 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్లల్ల అంతగ కనపడని లైను) కట్టు, స్పిన్నర్ తిరిగి తిరిగి లైను మెలివడ్తది కాబట్టి చిన్న స్వివెల్ (గుండ్రంగ తిరిగే కీలు) కూడ పెట్టు. డ్రాగ్ (చేప గుంజితే రీల్ లైను ఇడిచే బిగువు) మాత్రం కొర్రమట్టకు బిగించినట్టు బిగించకు, పటుక్కున తెగుతది.

లూర్లంటె మెప్స్ కంపెనీ అసొంటి స్పిన్నర్లు 0, 1, 2 నంబర్లు, రెండు చిన్న స్పూన్లు (చెంచా లెక్కుండే రేకు లూర్లు). మబ్బుంటే, నీళ్లు కొంచెం మురికైతే వెండి రంగు, ఎండల తేట నీళ్లకు నల్లది. పారకానికి ఎదురుగ ఏటవాలుగ విసిరి, నీళ్ల కంటె కొంచెం జల్ది చుట్టు, బ్లేడు తిరిగేది చేతికి తెల్వాలె. పెద్ద రాళ్ల వెనుక నీళ్లు నిదానంగుండే జాగలు అస్సలు ఇడువకు, చేప ఆడనే నిలవడ్తది. ట్రిపుల్ (మూడు కొసల) గాలం ఎదురు ముల్లును ప్లయర్‌తోని నొక్కెయ్, చిన్న చేపను గాయం కాకుండ ఇడువొచ్చు.

ఆడ ఫిషరీస్ డిపార్ట్‌మెంట్ లైసెన్స్ లేకుండ గాలం వెయ్యనీయరు, పోంగనే తీస్కో. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాక ట్రౌట్ పట్టుడు బంద్, నీ ఏప్రిల్‌కు ఫికర్ లేదు.