సమాధానం: పిచ్ మార్చాక రోటాక్స్ 912 యూఎల్ఎస్ వణుకు

తేలికపాటి విమానాల్లో వాడే రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజనుకి ప్రొపెల్లర్ పిచ్ (బ్లేడ్ల కోణం) మార్చాక వణుకు పోవట్లేదని అడిగారు. మూడు బ్లేడ్లకీ ఒకే కోణం పెట్టినా వణుకు తగ్గలేదంటే, హబ్ (బ్లేడ్లు బిగించే మధ్య భాగం) బోల్టులు బిగించేటప్పుడు ఏదో ఒక బ్లేడు కదిలి ఉండొచ్చు.

1. ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆఫ్, చక్రాలకు అడ్డాలు.
2. కొలిచే బ్లేడును ప్రతిసారీ ఒకే వైపుకి, అడ్డంగా తెండి. ఇంజను తిరిగే దిశలోనే తిప్పండి.
3. ప్రొట్రాక్టర్ (కోణం కొలిచే సాధనం) పెట్టే చోట టేపు ముక్క అంటించండి. మూడింటికీ హబ్ నుంచి ఒకే దూరం.
4. చాలామంది వదిలేసేది ఇదే: మాన్యువల్ చెప్పిన టార్కుకి (బిగింపు బలానికి) బోల్టుల్ని కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాక మూడింటినీ మళ్లీ కొలవండి. బిగిసే కొద్దీ బ్లేడు అడుగు భాగం హబ్‌లో కాస్త తిరుగుతుంది, కంటికి కనబడదు. తేడా వస్తే వదులు చేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

గాల్లో సమంగా ఎగురుతూ ఫుల్ థ్రాటిల్‌లో ఇంజను నిమిషానికి 5,800 చుట్లు దాటబోతే వెంటనే తగ్గించి, దిగాక పిచ్ పెంచండి. 5,500 కూడా అందకపోతే పిచ్ తగ్గించండి.