పేషెంటుతో మాట్లాడటం కూడా సిలబస్సేనా?

జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌గా రిటైరై తిరుపతిలో ఉంటున్న డాక్టరమ్మ పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. క్లాసులో ఒకరు పేషెంటుగా, ఒకరు డాక్టరుగా నటించి, చెడు వార్త ఎలా చెప్పాలో నేర్చుకున్నారట. ఇంకో రోజు ఊళ్లోకి వెళ్లి, దత్తత తీసుకున్న కుటుంబాల బీపీలు చూసి రాసుకొచ్చిందట. పీజీ సీటుకు ఎంత పోటీ ఉందో మీకు తెలియనిది కాదు. ఆ టైము పుస్తకాల మీద పెట్టమని చెప్పమంటారా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: వద్దండీ, అలా చెప్పకండి. సీటు గురించి మీ టెన్షన్ నాకు తెలుసు. కానీ అవి కాలక్షేపానికి పెట్టిన క్లాసులు కావు. 2019లో ఎంబీబీఎస్ సిలబస్ మార్చినప్పుడు రోగితో ప్రవర్తన, వృత్తి నీతి, మాటతీరు కలిపి ‘ఏట్‌కామ్’ పేరుతో తప్పనిసరి చేశారు. కుటుంబాల దత్తత, అంటే ఒక్కో విద్యార్థి కొన్ని కుటుంబాల ఆరోగ్యం కనిపెట్టి చూడటం, ఆ తర్వాత వచ్చింది.

ఇదంతా ఎవరో ఊహించి పెట్టింది కాదు. 1975లో ఇంగ్లండులో కొందరు డాక్టర్లు ఓపీకి కొత్తగా వచ్చిన 80 మందిని పరిశీలించారు. వాళ్లలో 66 మంది జబ్బేమిటో, పంపిన డాక్టరు రాసిన ఉత్తరం, రోగి నోటి మాట, ఈ రెండింటితోనే తేలిపోయింది. అప్పట్లో ఇన్ని స్కానింగులు లేవు, నిజమే. అయినా ఏ స్కానింగు రాయాలో తెలియాలంటే ఇవాళ కూడా ముందు రోగి చెప్పేది వినాలి. మరి వింటున్నామా? 1984లో అమెరికాలో డాక్టర్ల సంభాషణలు రికార్డు చేసి చూస్తే, రోగి మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నాడని తేలింది.

నా వార్డులో పాకాల వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. రక్తం బాగా తగ్గిపోయింది. కేస్ షీట్ నిండా పరీక్షల రిపోర్టులే. ఒక హౌస్ సర్జన్ పిల్ల స్టూలు లాక్కుని అవ్వ పక్కన కూర్చుంది. అవ్వ కోడలి గురించి చెప్పింది, బోరు ఎండిపోయిన సంగతి చెప్పింది. ఆ మాటల్లోనే, మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లలు రోజూ వేసుకుంటున్నాననీ, విరేచనం నల్లగా అవుతోందనీ చెప్పింది. ఆ బిళ్లలతో కడుపులో పుండు పడి రక్తం పోతోంది. ఎండోస్కోపీ ఎందుకు చేయాలో అప్పుడు తెలిసింది.

మంచి మనసుంటే చాలదా, దానికి క్లాసెందుకు అని మీకు అనిపించవచ్చు. అమెరికాలో ఒక మెడికల్ కాలేజీలో విద్యార్థుల సహానుభూతిని ఏటా కొలుస్తూ వచ్చారు. 2009లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మొదటి రెండేళ్లూ పెద్ద మార్పు లేదు, మూడో ఏడు అది పడిపోయింది. అక్కడ పిల్లలు పూర్తిగా వార్డుల్లో గడిపే ఏడాది అదే! తర్వాత వేరే దేశాల్లో చేసిన పరిశోధనల్లో అన్నిచోట్లా ఇలాగే రాలేదు. కానీ నేను పనిచేసిన వార్డుల్లో కళ్లారా చూసింది మాత్రం దీనికి దగ్గరగానే ఉంది. పిల్లలు చెడిపోరు. నిద్ర ఉండదు, పని తెమలదు, పైగా సీనియర్ల తొందర చూసి అదే పద్ధతి అనుకుంటారు. క్లాసులో కూర్చుని వినమని చెప్పి, వార్డులో రోగి ముఖం కూడా చూడకుండా మందులు రాస్తే పిల్లలు దేన్ని నేర్చుకుంటారు? ఏట్‌కామ్ గంటలు పెంచడం కంటే ముందు మా టీచర్లం మారాలి. ఈ మాట రిటైరయ్యాక అంటున్నది కాదు, ఉద్యోగంలో ఉన్నప్పుడూ అన్నాను.

పీజీ ఎంట్రన్సులో కూడా చాలా ప్రశ్నలు ‘యాభై ఏళ్ల వ్యక్తి ఈ బాధతో వచ్చాడు’ అనే మొదలవుతాయి. అటువంటి మనిషిని మంచం పక్కన చూసిన పిల్లకు ఆ ప్రశ్న కొత్తగా ఉండదు. ఈసారి ఫోన్‌లో మార్కులతో పాటు, ఈ వారం ఏ పేషెంటుతో మాట్లాడావని కూడా అడగండి. పేరు మాత్రం అడగవద్దు, అది ఆ రోగి సొంత విషయం.

ప్రశ్న: మేడమ్, ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేసి చూపించే ఓస్కీ పరీక్షంటే చేతులు వణుకుతున్నాయి. ఒకే రోగిని పూర్తిగా చూసి ఎగ్జామినర్‌కు చెప్పే పాతకాలం లాంగ్ కేసే నయం కదా?
– ఎంబీబీఎస్ విద్యార్థి, తిరుపతి

జవాబు: లాంగ్ కేసులో నీకు ఏ రోగి పడతాడు, ఎగ్జామినర్ ఆ రోజు ఎలా ఉన్నాడు అన్నది కూడా మార్కుల్లో కలిసిపోయేది నాయనా. అందుకే స్కాట్లాండ్‌లోని డండీలో హార్డెన్, ఆయన తోటివాళ్లు ఓస్కీని తయారుచేసి 1975లో ప్రకటించారు. అందరికీ అవే స్టేషన్లు, అంతే టైము, ముందే రాసుకున్న చెక్‌లిస్ట్. నీకు న్యాయం జరగాలనే ఆ ఏర్పాటు. వణుకు పోవాలంటే చదివితే సరిపోదు, చేసి చూడాలి. హాస్టల్లో ముగ్గురు కూర్చోండి: ఒకరు డాక్టరు, ఒకరు రోగి, ఒకరు చెక్‌లిస్ట్ పట్టుకుని టిక్కు పెట్టాలి. సెల్‌ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. రోగి వేషం వేసినవాడు మన పల్లె మాటల్లోనే చెప్పాలి, సత్యవేడు వైపు వాళ్లలా మధ్యలో తమిళం కలిపినా మంచిదే. నువ్వు పేరు చెప్పుకున్నావా, ముట్టుకునే ముందు అడిగావా, చేతులు కడుక్కున్నావా, ఇవి ముందు చూసుకో. చాలామందికి మార్కులు పోయేది అక్కడే.