తాగినవాడు వీధిలో తూలడు

కావలి.

చిరంజీవి మనవరాలికి, తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు నువ్వు పంపిన నాటకం ప్రతీ అందాయి. ప్రతిని నేను రెండుసార్లు చదివి, ఆ తర్వాత మీ అమ్మమ్మ చేత ఒకసారి పైకి చదివించుకున్నాను. కంటికి కనబడని తప్పు చెవికి దొరుకుతుందని నా నమ్మకం. కనిగిరి వైపు పల్లెల్లో బాల్యవివాహాల మీద వీధినాటకం ఆడాలన్న నీ సంకల్పం మంచిదే. అయితే ఉత్తరం చివర, "కళ వల్ల జనం ఆలోచన నిజంగా మారుతుందా తాతయ్యా, లేక చప్పట్లు కొట్టించుకుని తృప్తిపడి మనం ఇంటికి వచ్చేస్తున్నామా?" అని అడిగావు. ఈ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చేవారి మీద నాకు గురి లేదు. నాకు తెలిసింది కొంచెమే, అది కూడా నేను చేసిన ఒక పొరపాటు దగ్గర మొదలవుతుంది కనుక అక్కడినుంచే చెబుతాను.

1991 ప్రాంతంలో మన నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడులకు జనాన్ని రప్పించడానికి ఊరూరా కళాజాతాలు తిరిగేవి. అప్పటికి బడిపంతులుగా ఉన్న నేను అలాంటి ఒక జట్టులో కంజిర వాయిస్తూ, పాటలు కట్టేవాణ్ణి. మా ప్రదర్శనలో సారా మీద ఒక చిన్న నాటిక ఉండేది. తాగుబోతు వేషం కట్టిన కుర్రవాడు గొప్ప నటుడు. సారా ప్యాకెట్ పంటితో కొరికి తాగి, లుంగీ జారిపోతుంటే పట్టుకుంటూ, కరెంటు స్తంభాన్ని కౌగిలించుకుని మామా అని పిలుస్తుంటే జనం పడీ పడీ నవ్వేవారు. ఒక ఊళ్ళో సారా కొట్టు దగ్గరినుంచి నేరుగా వచ్చిన వాళ్ళే అతని చొక్కాకు రూపాయి నోట్లు గుచ్చారు. అది మా విజయమని మేము నాలుగైదు ఊళ్ళ దాకా అనుకున్నాము.

ఆ తర్వాతి ఊళ్ళో, ఆట ముగించి సామాను సర్దుకుంటుండగా ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చింది. "అయివోరా, తాగినోడు వీధిలో తూలడయ్యా. నలుగురూ చూస్తారని శానా జాగర్తగా నడస్తాడు. కండవ సర్దుకుంటాడు. గడప దాటినాకనే తూలేది. అది మీరు చూపించలా" అని చెప్పి, నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఆ రాత్రి మాలో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

మరుసటి ఊళ్ళో నాటికను మార్చాము. ముగ్గుపిండితో నేల మీద ఒక గీత గీసి దానినే గడప అన్నాము. కుర్రవాడు దూరంనుంచి తిన్నగా, మర్యాదస్తుడిలా నడిచి వచ్చాడు. ఎదురైన పెద్దాయనకు నమస్కారం పెట్టాడు. చెప్పులు విడిచి, రెండింటినీ పక్కపక్కన సరిగా పెట్టి, గీత దాటాడు. దాటగానే కాలు తడబడింది. ఇల్లాలి వేషంలో ఉన్న అమ్మాయి అన్నం కుండను ఎత్తి, ఒక్క మాట కూడా అనకుండా నేల మీద బోర్లించింది. అక్కడ డప్పు ఆపేశాము. ఎవరూ నవ్వలేదు, రూపాయి నోట్లు ఎవరూ గుచ్చలేదు. ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి "చెప్పులు గూడా అట్టనే పెడతాడు" అని ఒక గొంతు చిన్నగా వినబడింది.

నీ నాటకంలో తండ్రి పాత్రను చదివినప్పుడు నాకు ఆ స్తంభాన్ని కౌగిలించుకున్న తాగుబోతు గుర్తుకు వచ్చాడు. మీసం మెలేసే, కూతురిని గొడ్డును బాదినట్టు బాదే, కట్నం మిగులుతుందని చేతులు నలుపుకునే ఆ మనిషిని చూసి, ప్రేక్షకులలో ఉన్న ఏ తండ్రీ తనను తాను గుర్తుపట్టడు. "పాపిష్టి వాడు" అని తిట్టుకుని, ఇంటికి పోయి, తన పద్నాలుగేళ్ళ పిల్లకు సంబంధం మాట్లాడుకుంటాడు. నువ్వు తిరగబోయే ఊళ్ళలో ఆ పెళ్ళి ఎలా కుదురుతుందో ఒకసారి దగ్గరగా చూడు. వానలు లేక భార్యాభర్తలిద్దరూ హైదరాబాదుకో బెంగళూరుకో బేల్దారి పనులకు వలస పోవలసి వస్తుంది. పదో తరగతి అయిన పిల్లకు కాలేజీ దూరం, బస్సు ఉండదు. పిల్లను ముసలి నాయనమ్మ దగ్గర వదిలిపెడితే ఏమవుతుందోనన్న భయం ఒకటి, ఈడు ముదిరితే కట్నం పెరుగుతుందన్న లెక్క ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఆ తండ్రి చాలా జాగ్రత్తగా, మర్యాదగా నడిచి వచ్చి, కూతురు మంచి కోసమే అనుకుంటూ ఆ తప్పు చేస్తాడు. ఆ మనిషిని చూపించు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసున్న ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. అంతమంది తండ్రులూ రాక్షసులై ఉండరు కదా.

నవ్వు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నా మాటలు చదివి నువ్వు నాటకంలోంచి హాస్యాన్ని తీసేస్తావేమోనని నాకు భయంగా ఉంది. నీ విషయానికి మన భాషలో అన్నిటికన్నా పెద్ద నాటకం కన్యాశుల్కమే. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ తన ఇంగ్లీషు పీఠికలో ఒక లెక్క ఇచ్చాడు. విజయనగరం మహారాజు వివాహాల మీద బిల్లు పెట్టిన రోజుల్లో, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్ళిళ్ళ, జాబితా తయారు చేయిస్తే 1034 తేలాయి. వాటిలో ఐదేళ్ళ వయసులో పెళ్ళయిన పిల్లలే 99 మంది, ఏడాది పిల్లలు కూడా ముగ్గురున్నారు. ఆ బిల్లు చట్టం కాలేదు. ఆడపిల్ల పెళ్ళికి పద్నాలుగేళ్ళు నిండాలన్న శారదా చట్టం 1929లో గాని రాలేదు. అంటే నాటకానికీ చట్టానికీ మధ్య ముప్పయ్యేడేళ్ళు. అందువల్ల ఆ నాటకమే దురాచారాన్ని రూపుమాపిందని సభలలో చెప్పేవారితో నేను ఏకీభవించను. అది చేసింది వేరే పని. అంతవరకూ శాస్త్రం చాటున గంభీరంగా కూర్చున్న ముసలి పెళ్ళికొడుకును నలుగురూ నవ్వే మనిషిగా చేసింది. ఒకసారి నవ్వులపాలైన ఆచారం మునుపటి దర్జాతో తలెత్తుకోలేదు. మా మొదటి నాటికలోనూ నవ్వు ఉంది, కానీ ఆ నవ్వు తాగేవాణ్ణి ముద్దు చేసి, ఇంట్లో ఆకలితో ఉన్న మనిషిని మరిపించింది. కాబట్టి ప్రతి నవ్వు దగ్గరా ఆగి, ఎవరిని చూసి నవ్వుతున్నారో, ఆ నవ్వు వల్ల ఎవరికి ఊరట కలుగుతున్నదో చూసుకో. వీలైతే ఒక తోలుబొమ్మలాట చూడు. రామాయణం మధ్యలో హాస్యపాత్రలైన జుట్టుపోలిగాడూ బంగారక్కా దూసుకొచ్చి, పెద్దమనుషుల ఎదుట ఎవరూ అనలేని మాటలు అనేసి పోతారు. వాళ్ళ మీద ఎవరికీ కోపం రాదు. ఆ వెసులుబాటు నీ నాటకానికి బాగా పనికివస్తుంది.

ఇక నీ ప్రశ్నలోని అసలు ముడి. మేము నాటికను సరిదిద్దుకున్నాక జనం మారారా అంటే, ఆ ఒక్క రాత్రితో మారలేదు. మార్పు కనబడింది మన జిల్లాలోని దూబగుంట అనే పల్లెలో. అక్కడ రాత్రి బడికి వచ్చే ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుడు వల్ల చితికిపోయిన ఒక సంసారం కథ అది. చదవడం ముగిసిన తర్వాత వాళ్ళు ఇళ్ళకు పోకుండా ఇది మన కథే కదా అని మాట్లాడుకున్నారు. అలా మాట్లాడుకోగా మాట్లాడుకోగా ఒకనాడు కలిసికట్టుగా కదిలి, ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ తర్వాత దూబగుంట ఆడవాళ్ళు చేసిన పనే "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠంగా వాచకంలోకి ఎక్కి మిగతా పల్లెలకు చేరింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డుకున్నారు, వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

ఇందులో కథ బలం ఎంత, రాత్రి బడి బలం ఎంత అని నన్ను అడిగితే, రాత్రి బడికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. రోజూ చీకటి పడ్డాక పాతికమంది ఆడవాళ్ళు ఒక లాంతరు చుట్టూ కూర్చోవడానికి మొగుళ్ళూ అత్తలూ ఒప్పుకున్న చోటు ఊరు మొత్తంలో అదొక్కటే. సీతమ్మ కథను ఎవరింట్లో వాళ్ళు ఒంటరిగా చదువుకుని ఉంటే, ఎవరి కన్నీళ్ళు వాళ్ళు తుడుచుకుని పడుకునేవారు. కళ ఒక మాటను అందిస్తుంది. ఆ మాటను పక్క మనిషితో అనడానికి చోటూ, సమయమూ కావాలి. నీ ప్రతిలో నాటకం నలభై నిమిషాలు ఉంది, ఆ వెంటనే "వందన సమర్పణ" అని రాశావు. నాటకాన్ని ఇరవై ఐదు నిమిషాలకు తగ్గించి వందన సమర్పణ కొట్టెయ్యి. పెళ్ళిచూపుల ఘట్టంలో, పిల్ల గడప దగ్గర నిలబడినప్పుడే ఆట ఆపి, "ఇప్పుడు ఈ పిల్ల ఎవరి దగ్గరికి పోవాలి?" అని జనాన్ని అడుగు. మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనానికి భయపడి నువ్వే ఉపన్యాసం మొదలుపెట్టవద్దు, కూర్చో. ఆ ఊరి అంగన్‌వాడీ టీచరును ముందే కలిసి, ఆ సమయానికి అక్కడ ఉండేటట్టు చూసుకో. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తే ఏమవుతుందో, చేసిన వాళ్ళ పేరు బయటికి వస్తుందో రాదో ఆమె చేతనే చెప్పించు. నువ్వు వెళ్ళిపోయాక ఊళ్ళో మిగిలేది ఆమే.

ఆట ఏ వీధిలో ఆడతావన్నది చిన్న విషయమని అనుకోవద్దు. రామాలయం అరుగు ముందు ఆడితే దళితవాడ ఆడవాళ్ళు రారు, వచ్చినా వెనక నిలబడతారు. 1985 జూలైలో కారంచేడులో దళితుల ఊచకోతను చూసిన నేల మనది. ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది ఇక్కడ ఎన్నడూ ఊరికే జరగదు. వీలైనంతవరకు బడి ఆవరణలో ఆడు, వీలుకానప్పుడు దళితవాడలో ముందు ఆడి తర్వాత ఊళ్ళో ఆడు. ఈ వరసను తిరగెయ్యమని ఎవరైనా పెద్దమనిషి అడిగితే మర్యాదగా వద్దని చెప్పు.

ఇంకొక జాగ్రత్త. నీ నాటకంలో పిల్ల చెయ్యి మీద కాలిన మచ్చ ఉందని రాశావు, అది ఎవరో నిజమైన పిల్లను చూసి రాసినట్టు నాకు అనిపించింది. అలా అయితే వెంటనే తీసెయ్యి. ఆ మండలంలో నాలుగు ఊళ్ళు తిరిగేసరికి ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. రేపు దాని పర్యవసానం అనుభవించేది ఆమె గాని నీ జట్టు కాదు.

మార్పు నిలుస్తుందా అని కూడా నువ్వు అడుగుతావు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ వార్త విన్న రోజు నేను బాధపడ్డాను, మా శ్రమ అంతా గంగలో కలిసిందనుకున్నాను. అయితే ఆ తర్వాత చాలా ఏళ్ళకు, ఒకప్పుడు మేము ఆడిన ఊళ్ళో, తాగి వచ్చి పంచాయతీలో అరుస్తున్న మొగుణ్ణి ఒక నడివయసు ఆమె "గడప లోపల తూలేదీ నువ్వే, బయట నీతులు చెప్పేదీ నువ్వే" అని నిలదీయడం నా చెవులతో విన్నాను. ఆమె మా నాటికను చూసిందో లేదో నాకు తెలియదు, అడగలేదు. ఆ ముసలమ్మ మాట ఊళ్ళో తిరుగుతూ ఉందని మాత్రం అర్థమైంది.

మీ నాన్న నీ నాటకాల మీద కోపంగా ఉన్నాడని మీ అమ్మ చెప్పింది. టంగుటూరి ప్రకాశం గారు చిన్నతనంలో ఒంగోలులో వేషాలు కట్టినవారేననీ, పూటకూళ్ళు నడిపి ఆయనను చదివించిన తల్లి కూడా అప్పట్లో ఇలాగే బెంగపడి ఉంటుందనీ వాడికి నేను ఫోనులో చెబుతాను. నువ్వు మాత్రం వాడితో వాదానికి దిగవద్దు, ఒక రాత్రి ఆటకు తీసుకుపో.

ఈ ఉత్తరంతో పాటు ఒక పాత నోటుపుస్తకం పంపుతున్నాను. ప్రతి ఆట తర్వాత ఆడవాళ్ళు ఏమన్నారో అందులో వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాను. అంచులు చెదలు తిన్నాయి, జాగ్రత్తగా తిప్పు. జిరాక్సు తీయించుకుని అసలుది నాకు పంపెయ్యి. మొదటి ఆటకు నేను వస్తాను. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పే పని పెట్టుకోవద్దు; ఆడవాళ్ళు కూర్చునే వైపు, కాస్త వెనకగా, ఒక కుర్చీ వేయించు.

ఇట్లు,
మీ తాతయ్య