తాతగారి పాత చొక్కాలు పారేయకండి

పెట్టెలో దొరికిన పట్టుపంచెలు ఉంచుకుని చిరుగుల చొక్కాలు పారేయనా అని అడిగారు. పారేయకండి. నా లెక్కలో అసలైనవి అవేనండి.

మాది నరసాపురం దగ్గర. ఊడ్పులకి, కోతలకి వెళ్లేటప్పుడు మా నాయనమ్మ చీర ఎత్తి దోపుకుని, పైన తాతయ్య పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కునేది. మెడదాకా బొత్తాలు పెట్టేది. ఎండ తగలదు, వరి ఆకు చేతులు కోసెయ్యదు. ఆ చొక్కా కాలరు అరిగాక ఊడదీయించి, తిరగేసి కుట్టించారు. చంకలో అతుకు రంగు ఒక్క పిసరు తేడా లేదు. ఎందుకా అని చూస్తే, చొక్కా కింది భాగంలో దోపితే కనపడని చోట ముక్క కత్తిరించి వేశారు. మీ చొక్కాల కాలరు కుట్టు పక్కన పాత సూది రంధ్రాల వరస ఉందేమో చూడండి, ఉంటే అదీ అలా తిరగేసి కుట్టించిందే కావచ్చు.

నాయనమ్మ తొడుక్కున్న ఆ చొక్కాని నేనే పాడుచేశాను. తుప్పు మరక పోతుందని బ్లీచింగ్‌లో వేస్తే మరక పోకపోగా అక్కడే చిల్లు పడింది. ఇప్పటికీ బాధే.

మీరు ముందు తడిగుడ్డ అద్ది రంగు దిగుతుందేమో చూడండి. దిగకపోతే చన్నీళ్లలో నానబెట్టి, నీళ్లు తేటపడేదాకా మార్చండి. గంజి ఉంటే పురుగులు చేరతాయి. పిండకుండా తువ్వాలులో చుట్టి అద్ది, నీడన పరిచి ఆరబెట్టండి. వానాకాలం మన చెమ్మ తెలిసిందే, ఇనప పెట్టెలో నేరుగా పెట్టొద్దు. ఉతికిన తెల్లగుడ్డ పరవండి. న్యూస్‌పేపరు వద్దు. అప్పుడప్పుడు మడతలు మార్చండి, లేకపోతే మడత దగ్గరే చిరుగుతుంది.

తెల్లగుడ్డ అంటే గుర్తొచ్చింది. మా నరసాపురం దగ్గర పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లే మాధవాయిపాలెం రేవు ఉంది కదా, మడపొల్లం అనే నూలుబట్టకి ఆ పేరే వచ్చింది. ఈస్టిండియా కంపెనీ కాలంలో బట్ట అక్కడినుంచి ఓడలెక్కేది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల మస్కిటో అనే చెక్క విమానాల మీద అతికించిన గుడ్డ కూడా మడపొల్లమే. అప్పటికి అది మిల్లుబట్ట, పేరు మాత్రం మన రేవుది.

మీ అమ్మమ్మగారు ఉన్నారని రాశారు. ఏ చొక్కా ఏ పనికి వేసుకునేవారో, అతుకులు ఎవరు వేశారో ఆవిణ్ణి అడిగి, చీటీ రాసి మడతలో పెట్టండి. పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా చెమ్మకి బట్టకి అంటుకుంటుంది.