డ్రమ్ కోర్ పోటీల్లో ఎప్పుడూ ఆ నాలుగైదు జట్లే ఎందుకు పైనుంటాయి? కొత్తరకం షోలే కారణమా?

కొంతవరకే. డ్రమ్ కోర్ అంటే అమెరికాలో వేసవిలో ఫుట్‌బాల్ మైదానాల్లో ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలతో కవాతు చేస్తూ యువత ఇచ్చే ప్రదర్శన. ఈ పోటీలు నడిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ (డీసీఐ) ఛాంపియన్‌షిప్ 1972లో మొదలైంది. కాలిఫోర్నియా జట్టు బ్లూ డెవిల్స్ ఒక్కటే ఇరవైకి పైగా టైటిళ్లు గెలిచింది.

అసలు కారణం ఆట తీరులోనే ఉంది. ఇక్కడ ఎదుటి జట్టును అడ్డుకోవడం ఉండదు. వేసవంతా ఒకటే షో, రోజూ దానికే మెరుగులు. అందుకే అదృష్టం పాత్ర చాలా తక్కువ. పైగా వయోపరిమితి ఉంది కాబట్టి, మంచి వాద్యకారులు మిగిలిన ఒకటి రెండేళ్లు గెలిచే జట్టులోనే గడపాలనుకుంటారు. పేరున్న డిజైనర్లూ అక్కడికే చేరతారు.

షోలు మారిన మాట నిజమే. 2004లో మైకులు, 2009లో సింథసైజర్లు వచ్చాయి. వంద మార్కుల్లో నలభై, షో మొత్తంగా చూపే ప్రభావానికే. 2016లో బ్లూకోట్స్ జట్టు పిల్లలు ఏటవాలు తెల్లటి బల్లల మీంచి జారుతూ కనిపించారు. ఆ ఏడాదే వాళ్లకు తొలి టైటిల్. అంత సరంజామా చేయించాలన్నా, ఊరూరా లారీల్లో తిప్పాలన్నా బోలెడు డబ్బు కావాలి. చిన్న జట్లకు అది మోయలేని భారం, నన్ను నిజంగా బాధపెట్టేది ఇదే.

అయితే కొత్త ఆలోచనే కొందరికి దారి చూపింది. 2013లో కరోలినా క్రౌన్ తొలిసారి గెలిచింది. 1940లో పుట్టిన బోస్టన్ క్రూసేడర్స్‌కు తొలి టైటిల్ 2025లో దక్కింది.