జపనీస్ రాక్ బ్యాండ్ హీరోలుగా నటించిన పాత సినిమా ఏదైనా చూశారా?

చూశాను. 1968లో తోహో సంస్థ విడుదల చేసిన ‘సెకాయ్ వ బొకురా వొ మత్తెఇరు’. ‘ప్రపంచం మా కోసం ఎదురుచూస్తోంది’ అని అర్థం. అందులో హీరోలు ‘ద టైగర్స్’. క్యోటో నుంచి వచ్చిన అయిదుగురు కుర్రాళ్లు. బీటిల్స్ 1966లో టోక్యోలోని బుదోకాన్ హాల్లో పాడి వెళ్లాక జపాన్‌లో ఇలాంటి బృందాలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిలో వీళ్లకున్నంత పిచ్చి అభిమానులు ఇంకెవరికీ లేరు.

కథ చిన్నదే. వేరే గ్రహం నుంచి దిగిన యువరాణి సిల్వీ, ఈ బృందంలో పాటగాడైన జూలీ మీద మనసు పడుతుంది. మన జానపదాల్లో దేవకన్య భూమ్మీదకి వచ్చినట్టే. జూలీ అంటే కెంజి సవాదా. జూలీ ఆండ్రూస్ అంటే ఇష్టమని ఆ పేరు పెట్టుకున్నాడు.

ఉద్యోగం మీద జపాన్‌లోని కవసాకిలో ఉన్నప్పుడు పక్కింటి పెద్దావిడ తన డీవీడీ పెట్టి చూపించారు. సబ్‌టైటిల్స్ లేవు, మాటలు నాకు సగమే అందాయి. ‘గింగా నో రొమాన్సు’ పాట రాగానే ఆవిడ టీకప్పు కింద పెట్టేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పెదాలు కదుపుతూ చివరిదాకా పాడారు. అప్పట్లో వాళ్ల కచేరీకి వెళ్తే బడి నుంచి పంపించేస్తామన్నారట. జుట్టు పెంచిన బృందాలను జపాన్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కూడా దూరం పెట్టింది. సినిమాకైతే అన్నయ్యను తోడు తీసుకుని వెళ్లొచ్చు. అలా మూడుసార్లు చూశానన్నారు. తెర మీద అంత దగ్గరగా వాళ్ల ముఖాలు చూడటం అదే మొదటిసారని చెబుతుంటే ఆవిడ గొంతు పూడుకుపోయింది. ఆ సినిమా విలువ నాకు అక్కడే తెలిసింది.

ఆ పాటకి బాణీ కట్టిన కోయిచి సుగియామానే తర్వాత ‘డ్రాగన్ క్వెస్ట్’ వీడియో గేమ్‌కి సంగీతం ఇచ్చారు. బాస్ వాయించిన ఇత్తొకు కిషిబే పెద్ద నటుడయ్యాడు. 1971 జనవరిలో బుదోకాన్‌లోనే బృందం విడిపోయాక, డ్రమ్స్ వాయించిన మినొరు హితొమి మళ్లీ చదువుకుని, హైస్కూల్లో చైనీస్ పాఠాలు చెప్పే మాస్టారయ్యాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో గర్వం, సొంత తమ్ముడి గురించి చెబుతున్నట్టు.

మీరు చూడాలనుకుంటే ముందు ఆ పాట నాలుగైదుసార్లు వినండి. సినిమాలో అది వచ్చేసరికి మీకూ నోట్లో ఆడుతుంటుంది. భాష రాకపోయినా ఇబ్బంది ఉండదు.