చిరునామా ఇంటికా, వస్తువుకా?

ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ ఉండని వికేంద్రీకృత వెబ్‌కూ, ఇన్నాళ్లూ మనం వాడిన ఇంటర్నెట్‌కూ తేడా ఏమిటని అడిగారు. రెండిటిలోనూ చేతులు కాల్చుకున్నాను కనుక చెబుతాను.

పాత ఇంటర్నెట్ మొదట్లో ఎవరి గుత్తసొత్తూ కాదు. ఈమెయిలే చూడండి, మీది ఒక సంస్థ సర్వర్, నాది మరొకటి, అయినా ఉత్తరం చేరుతుంది. 1989లో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్‌లోనూ ఎవరి సర్వర్ వారు పెట్టుకోవచ్చు. ఆ శ్రమ పడలేక మనమే, ఊరికే చోటిచ్చిన కంపెనీల అరుగుల మీద చేరాం.

నేనూ చేరాను. మా అమ్మమ్మ పాడే దంపుళ్ల పాటలు రాసి ఒక ఉచిత సైటులో పెట్టాను. కొన్నేళ్లకు ఆ కంపెనీ సేవ ఆపేసింది. హెచ్చరిస్తూ వచ్చిన మెయిల్ నేను చూడలేదు. నోటుపుస్తకంలో మిగిలినవి పోను, పదకొండు పాటలు పోయాయి.

అసలు తేడా అక్కడే తెలిసింది. మామూలు వెబ్ చిరునామా ‘ఫలానా సర్వర్‌లో ఫలానా చోట’ అని చెబుతుంది. ఆ ఇల్లు కూలితే చిరునామా ఉండీ లేనట్టే. ఐపీఎఫ్‌ఎస్ అనే వికేంద్రీకృత పద్ధతిలో ఫైలులోని విషయం నుంచి లెక్కగట్టిన హ్యాషే, అంటే వేలిముద్రలాంటి సంకేతమే, చిరునామాకు ఆధారం. ఒక్క అక్షరం మారినా అదీ మారుతుంది. కాబట్టి ఫైలును ఎవరి యంత్రం నుంచి తెచ్చుకున్నా, అందులో ఎవరైనా వేలు పెట్టారేమో సరిచూసుకోవచ్చు.

మిగిలిన పాటలు అందులో పెట్టి, ఇక చిరంజీవులే అనుకుని, ల్యాప్‌టాప్ కట్టేసి ఊరెళ్లాను. రెండు వారాలకు చెల్లెలు ఫోన్ చేసింది: “అన్నయ్యా, లింకు తెరుచుకోవడం లేదు.” తెరుచుకోదు మరి! ఆ ఫైలును నా యంత్రం తప్ప ఇంకెవరూ పిన్ చేయలేదు, అంటే చెరిగిపోకుండా తమ దగ్గర దాచలేదు. ఇప్పుడు చెల్లెలి కంప్యూటర్‌లోనూ, ఎప్పుడూ నడుస్తుండే ఒక మిత్రుడి సర్వర్‌లోనూ పిన్ చేయించాను.

2016లో మొదలైన మాస్టడాన్ అనే సామాజిక మాధ్యమానిది వేరే దారి. ఈమెయిల్ లాగే సర్వర్లు వేరైనా యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి ప్రమాణంతో మాట్లాడుకుంటాయి. నేను సర్వర్ మారినప్పుడు అనుచరులు వెంట వచ్చారు కానీ పాత రాతలు రాలేదు.

లావాదేవీల చిట్టాను అనేక యంత్రాల్లో ఉంచే బ్లాక్‌చెయిన్ జోలికి నేను వెళ్లలేదు. అక్కడి డిజిటల్ ఆస్తులకు తాళంచెవిలాంటి సొంత వాలెట్ రహస్య పదాలు పోగొట్టుకుంటే మొరపెట్టుకోవడానికి కార్యాలయమే ఉండదు. తాళంచెవులు తరచూ పోగొట్టుకునే మనిషిని నేను.

ఐపీఎఫ్‌ఎస్ ప్రయత్నిస్తే, ముందు పనికిరాని ఫైలు ఒకటి పెట్టి, మీ యంత్రం ఆపేసి, నెల తర్వాత వేరే ఊరి నుంచి తెరిచి చూడండి.